ఎక్స్‌పోకు మూడు రోజులు, ఊరు చూడ్డానికి నాలుగు రోజులు: ఒకే వీసాపై కుదురుతుందా?

భీమవరం నుంచి బార్సిలోనా వెళ్తున్నారనుకుందాం. మంగళవారం నుంచి గురువారం దాకా సీఫుడ్ ఎక్స్‌పో. అంత ఖర్చు పెట్టుకుని, అంత దూరం వెళ్లి, మూడు రోజులూ ఎగ్జిబిషన్ హాల్లో కూర్చుని తిరిగి వచ్చేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఇంకో నాలుగు రోజులు ఉండి ఊరు చూడాలనిపిస్తుంది. వీలైతే పారిస్ కూడా.

మరి వ్యాపారం పని మీద తీసుకున్న వీసాతో ఊళ్లు తిరగొచ్చా?

తిరగొచ్చు. చాలా దేశాల్లో నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. కాకపోతే ఆ నాలుగు రోజుల సంగతి వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే చెప్పాలి. 'టూరిజం మాట ఎత్తొద్దు, బిజినెస్ అని మాత్రం రాయండి, అక్కడికి వెళ్లాక మీ ఇష్టం' అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ వ్యవహారం మొత్తంలో మీకు ఎక్కువ నష్టం చేసే సలహా అదే. ఎందుకో చూద్దాం.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే...

గోదావరి జిల్లాల నుంచి వ్యాపారం కోసం విదేశాలకు వెళ్లడం కొత్తేమీ కాదు. రొయ్యల ఎగుమతిదారులు మార్చిలో బోస్టన్‌లో జరిగే సీఫుడ్ ఎక్స్‌పోకు, వేసవిలో యూరప్‌లో జరిగే ఎక్స్‌పోకు వెళ్తుంటారు. యూరప్ ఎక్స్‌పో ఒకప్పుడు బ్రసెల్స్‌లో జరిగేది. 2022 నుంచి బార్సిలోనాకు మారింది. కడియం నర్సరీల వాళ్లకు జర్మనీలోని ఎస్సెన్‌లో ఏటా జనవరిలో మొక్కల ప్రదర్శన ఉంటుంది. నరసాపురం లేసుకూ విదేశాల్లో కొనుగోలుదారులున్నారు.

2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక రొయ్యల వ్యాపారం చూపు యూరప్ వైపు మళ్లింది. ఆ మరుసటి నెలలోనే యూరోపియన్ యూనియన్ మరో 102 భారతీయ మత్స్య యూనిట్లకు ఎగుమతి అనుమతి ఇచ్చింది. అంటే ఇన్నాళ్లూ పదేళ్ల అమెరికా వీసాతో నిశ్చింతగా తిరిగినవాళ్లలో చాలామంది మొదటిసారి షెంజెన్ ఫారం పట్టుకోవాల్సి వస్తోంది. ఈ రెండు వీసాల తీరు వేరు. అమెరికాలో నడిచిన అలవాటు యూరప్‌లో నడవదు.

షెంజెన్: స్టిక్కర్ మీద రోజుల గడి చూశారా?

స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ సహా 29 దేశాలకు ఒకే షెంజెన్ వీసా. తక్కువ రోజుల ప్రయాణానికి ఇచ్చేదాన్ని 'సి' రకం అంటారు. బిజినెస్‌కు వేరు, టూరిజానికి వేరు అని ఇందులో రెండు వీసాలుండవు. దరఖాస్తు ఫారంలో 'ప్రయాణ ఉద్దేశాలు' అని బహువచనంలోనే అడుగుతారు. దాని కిందే అదనపు వివరాలు రాసుకునే చోటు కూడా ఉంటుంది. 'మొదటి నాలుగు రోజులు ఎక్స్‌పో, తర్వాత నాలుగు రోజులు సొంత ఖర్చుతో నగర సందర్శన' అని రాయాల్సింది అక్కడే. ఆ ఒక్క వాక్యం రాయడానికే చాలామంది భయపడతారు.

రాయకపోతే ఏమవుతుంది? వీసా స్టిక్కర్ మీద రెండు లెక్కలుంటాయి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందన్నది ఒకటి. ఆ మధ్యలో మొత్తం ఎన్ని రోజులు ఉండొచ్చన్నది రెండోది. విమానం మారితే ఇబ్బంది పడకుండా తేదీల మధ్య సాధారణంగా కొంత వెసులుబాటు ఇస్తారు. రోజుల గడిలో మాత్రం మీరు అడిగినన్నే ఉంటాయి. ఎక్స్‌పో కోసం ఐదు రోజులు అడిగితే '5' అని పడుతుంది. చెల్లుబాటు తేదీ ఇంకో రెండు వారాలున్నా ఆరో రోజు మీరు అక్కడ ఉంటే అది గడువు మీరి ఉండటమే. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇదివరకు పాస్‌పోర్టుపై వేసే ముద్రలు చూసి అధికారులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. ముఖం ఫొటో, వేలిముద్రలతో రాకపోకలు కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఒక్క రోజు మీరినా అదే పట్టేస్తుంది. తర్వాతి వీసా అడిగినప్పుడు ఆ రికార్డు ఎదురుగా ఉంటుంది.

ఇన్సూరెన్స్ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది ఎక్స్‌పో రోజులకే కాదు, మీరు అక్కడ ఉండే ప్రతి రోజుకూ ఉండాలి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి?

బార్సిలోనా ఒక్కటే అయితే స్పెయిన్. మన వాళ్లు హైదరాబాద్‌లోని బీఎల్ఎస్ కేంద్రంలో ఇవ్వొచ్చు. పారిస్ కలిపితేనే చిక్కు వస్తుంది. షెంజెన్ నియమం ప్రకారం మీ ప్రయాణానికి ప్రధాన గమ్యం ఏ దేశమో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రధాన గమ్యాన్ని ఉండే రోజులను బట్టీ, వెళ్లే ఉద్దేశాన్ని బట్టీ చూస్తారు. ఏదీ ప్రధానం అని చెప్పలేనప్పుడు మొదట అడుగు పెట్టే దేశం.

ఎక్స్‌పో కోసమే వెళ్తున్నారు కాబట్టి ఉద్దేశం ప్రకారం స్పెయినే. కానీ స్పెయిన్‌లో నాలుగు రోజులు, ఫ్రాన్స్‌లో ఏడు రోజులు అని ప్లాన్ చూపిస్తే మీ అసలు పని ఏమిటని అధికారికి అనుమానం రావడం సహజం. మా మాటగా చెప్పాలంటే, రోజుల లెక్కలో కూడా వ్యాపారం ఉన్న దేశమే పెద్దదిగా ఉండేలా చూసుకోండి. బార్సిలోనాలో ఆరు, పారిస్‌లో మూడు అయితే వివరణ ఇచ్చుకోవాల్సిన పనే ఉండదు. వీసా త్వరగా దొరుకుతుందని ఎవరో చెబితే వేరే దేశానికి దరఖాస్తు పెట్టి, దిగడం మాత్రం స్పెయిన్‌లో దిగే వాళ్లుంటారు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో హోటల్ బుకింగులు అడిగితే ఇరుక్కుపోతారు. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి పంపి తీరాలని లేదు. ఆహ్వానం, తిరుగు టికెట్, డబ్బు చూపించమని అక్కడ కూడా అడగొచ్చు.

కాగితాలన్నీ ఒకే కథ చెప్పాలి. ఎక్స్‌పో రిజిస్ట్రేషన్, కొనుగోలుదారు ఇచ్చిన ఆహ్వాన పత్రం, కంపెనీ లెటర్, హోటల్ బుకింగులు, విమాన టికెట్, ఇన్సూరెన్స్. కంపెనీ లెటర్‌లో తేదీలు గురువారంతో ముగిసి, టికెట్ సోమవారానికి ఉంటే మధ్యలో మూడు రోజులు గాల్లో వేలాడతాయి. ఆ లెటర్‌లోనే 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సంస్థ పని, ఖర్చు సంస్థది. ఆ తర్వాత ఉద్యోగి సొంత సెలవు, ఖర్చు ఆయనది' అని రెండు వరసలు రాయించుకుంటే సరిపోతుంది. భార్యాపిల్లలు కూడా వస్తుంటే వాళ్లు వేరే దరఖాస్తులు పెట్టాలి. వాళ్ల ఉద్దేశం టూరిజమే. మీ ఎక్స్‌పో కాగితాల నకళ్లు వాళ్ల ఫైల్లోనూ పెడితే ఇద్దరి ప్రయాణం ఒకటేనని తెలుస్తుంది.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి 15 రోజులన్నది నియమమే గానీ 45 రోజుల దాకా పొడిగించే వీలు వాళ్లకుంది. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జి అదనం. పాస్‌పోర్టు మీరు తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. పాస్‌పోర్టు రెన్యువల్ పనికి పశ్చిమ గోదావరి వాళ్లు విశాఖపట్నం దాకా వెళ్లక్కర్లేదు, భీమవరంలోనే సేవా కేంద్రం ఉంది. తరచూ తిరిగే వాళ్లు 36 పేజీలది కాకుండా 60 పేజీల పుస్తకం అడగండి. తేడా 500 రూపాయలే.

నిజం రాస్తే ఒక లాభం కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ భారతీయులకు ప్రత్యేక సడలింపు ఇచ్చింది. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, దాని తర్వాత ఐదేళ్లది వచ్చే అవకాశం ఉంటుంది. ఏటా ఎక్స్‌పోకు వెళ్లేవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. సొంత తిరుగుడు కోసం ఒక్క రోజు మీరితే పోయేది ఇదే. రెండేళ్లదైనా ఐదేళ్లదైనా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న నియమం అలాగే ఉంటుంది.

మిగతా దేశాల్లో ఎలా?

అమెరికాతో ఈ తలనొప్పి తక్కువ. మనకు సాధారణంగా ఇచ్చేదే బి1/బి2, అంటే వ్యాపారం, పర్యటన రెండూ కలిపి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ ఇంటర్వ్యూలో 'బోస్టన్‌లో ఎక్స్‌పో, తర్వాత న్యూజెర్సీలో మా అన్నయ్య ఇంట్లో వారం' అని చెప్పడంలో తప్పేమీ లేదు. ఎన్ని రోజులు ఉండొచ్చన్నది విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ ఐ-94 రికార్డులో ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. వీసాకు పదేళ్ల గడువున్నా ఆ తేదీ దాటి ఉండకూడదు.

బ్రిటన్‌లో స్టాండర్డ్ విజిటర్ వీసా ఒక్కటే రెంటికీ. ట్రేడ్ ఫెయిర్‌లో మీ సరుకు గురించి ప్రచారం చేసుకోవచ్చు, అక్కడే నేరుగా అమ్మకూడదు. లండన్‌లో పని ఉన్న గోదావరి వాళ్లకు మామూలు టూరిస్టులు వెళ్లని ఒక చోటు చెబుతాం. లండన్ నుంచి రైల్లో సుమారు గంట దూరంలో డార్కింగ్ అనే చిన్న ఊరుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు గడిపింది, 1899లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. సమాధి అక్కడి శ్మశానవాటికలో ఉంది. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు పూలు పెట్టి వస్తుంటారు. సగం రోజు చాలు.

జపాన్‌లో జాగ్రత్త. అక్కడ వ్యాపార పర్యటనకూ, టూరిజానికీ అడిగే కాగితాలు వేరు. భారతీయులకు ఇస్తున్న ఈ-వీసా టూరిజానికి మాత్రమే. ఎక్స్‌పోకు వెళ్తూ తేలిగ్గా వస్తుంది కదా అని ఈ-వీసా తీసుకోవద్దు. చైనాలో 'ఎం' వ్యాపారానికి, 'ఎల్' పర్యటనకు. క్వాంగ్‌చౌ ఫెయిర్‌కో, చింగ్‌తావ్ మత్స్య ప్రదర్శనకో వెళ్లేవాళ్లు తీసుకోవాల్సింది 'ఎం'. దానితో మిగతా రోజుల్లో ఊరు చూడ్డానికి అభ్యంతరం ఉండదు. 'ఎల్' తీసుకుని వ్యాపారం చేయడమే తప్పు. దాదాపు ఎక్కడైనా ఇదే లెక్క: పని వీసాపై చూడొచ్చు, చూసే వీసాపై పని చేయకూడదు.

విమానం దుబాయ్ మీదుగా వెళ్తుంటే అక్కడ ఒక రోజు ఆగాలన్న ఆశ కూడా ఉంటుంది. ఎయిర్‌లైన్ ద్వారా 48 గంటల ట్రాన్సిట్ వీసా ఉచితంగా, 96 గంటలది 50 దిర్హామ్‌లకు ఇస్తారు. ముందుగానే అడగాలి, దిగాక కుదరదు.

రాజమండ్రి నుంచి టికెట్

మధురపూడి నుంచి దేశీయ విమానాలే. విదేశానికి హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ, ముంబయి లాంటి చోట మారాల్సిందే. ఇక్కడ డబ్బు ఆదా చేయబోయి చిక్కుల్లో పడేవాళ్లు ఎక్కువ. రాజమండ్రి-హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్-బార్సిలోనా మరో టికెట్ విడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కు బాధ్యత ఉండదు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో పంపాల్సిన బాధ్యత వాళ్లదే. ఒకే పీఎన్ఆర్ దొరకకపోతే ముందు రోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో, నరసాపురం రైల్లోనో హైదరాబాద్ చేరుకోవడం మేలు.

తిరుగు ప్రయాణం పారిస్ నుంచి పెట్టుకుంటే మళ్లీ బార్సిలోనా రావక్కర్లేదు. వెళ్లేది ఒక ఊరికి, వచ్చేది మరో ఊరి నుంచి అయినా రౌండ్ ట్రిప్‌గానే బుక్ చేసుకోవచ్చు. వీసా ఫైల్లో అదే టికెట్ పెట్టండి.

ఖర్చు ఎవరిది?

వీసా గురించి వందసార్లు అడిగేవాళ్లు పన్ను గురించి ఒక్కసారీ అడగరు. నోటీసు వచ్చాకే గుర్తొస్తుంది.

సొంత వ్యాపారమైతే, పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చును మాత్రమే ఆదాయంలోంచి తీసేయడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకుంటుంది. బార్సిలోనా టికెట్, ఎక్స్‌పో రోజుల హోటల్, స్టాల్ ఖర్చు వ్యాపారానివి. పారిస్ హోటల్, కుటుంబం టికెట్లు మీవి. అన్నీ ఒకే కార్డు మీద గీకేసి మార్చి చివర్లో ఆడిటర్‌కు ఇస్తే ఆయనైనా ఏం చేస్తారు? రెండు కార్డులు వాడండి. ఎక్స్‌పో బ్యాడ్జి, బోర్డింగ్ పాసులు, ఎవరెవరిని కలిశారో మెయిళ్లు దాచండి. కేంద్ర పథకాల కింద టికెట్ ఖర్చు తిరిగి కోరేవాళ్లకు ఇవి మరీ అవసరం.

ఉద్యోగులకు నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది. ఆఫీసు పర్యటనను సెలవుగా పొడిగించుకుని, ఆ ఖర్చు కూడా సంస్థే భరిస్తే, పొడిగించిన రోజుల ఖర్చు మీ జీతంలో భాగంగా లెక్కకొస్తుంది. దానిపై మీరు పన్ను కట్టాలి. అధికారిక రోజుల ఖర్చుకు పన్ను లేదు. కుటుంబ సభ్యుల ఖర్చు సంస్థ పెట్టినా అంతే.

విదేశీ మారకం సంగతి. సంస్థ పంపి, ఖర్చు సంస్థే భరిస్తే అది మీ వ్యక్తిగత పరిమితిలోకి రాదు. సొంతంగా తిరిగే రోజులకు తీసుకునే డబ్బు మాత్రం ఏడాదికి 2.5 లక్షల డాలర్ల ఎల్ఆర్ఎస్ పరిమితిలోకి వస్తుంది. అంత ఎవరికీ అవసరం పడదనుకోండి. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి సాధారణంగా 3 వేల డాలర్ల విలువ దాకానే ఇస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. ట్రావెల్ ఏజెంట్ దగ్గర విమానం, హోటల్ కలిపి ప్యాకేజీగా కొంటే టీసీఎస్ వసూలు చేస్తారు. టికెట్ ఒక్కటే కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు. టీసీఎస్ అదనపు పన్ను కాదు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఊళ్లో దిగాక

బార్సిలోనా విమానాశ్రయం నుంచి మెట్రో ఎల్9 లైను నేరుగా ఎక్స్‌పో జరిగే ఫిరా వైపు వెళ్తుంది. విమానాశ్రయం స్టేషన్లకు ప్రత్యేక టికెట్ కావాలి, పది ప్రయాణాల మామూలు కార్డు అక్కడ పనిచేయదు. సగ్రడా ఫమీలియా, పార్క్ గ్వెల్ రెంటికీ సమయం వేసిన టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. రొయ్యల వ్యాపారులైతే రాంబ్లా వీధి పక్కనున్న బొకేరియా మార్కెట్లో గంట తిరగండి. ఏ సైజు రొయ్యను, ఉడికించి అమ్ముతున్నారా పచ్చిది అమ్ముతున్నారా, ఏ ధరకు అమ్ముతున్నారో అక్కడ కళ్లతో చూడొచ్చు. ఊరు చూసినట్టూ ఉంటుంది, పని జరిగినట్టూ ఉంటుంది.

ఆ రాంబ్లాలోనే, మెట్రోలోనే జేబుదొంగలు ఎక్కువ. ఎక్స్‌పో బ్యాడ్జి మెడలో వేసుకుని, బ్యాగులో పాస్‌పోర్టు పెట్టుకుని తిరగొద్దు. పాస్‌పోర్టు హోటల్ లాకర్లో ఉంచి నకలు దగ్గర పెట్టుకోండి. పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి, అత్యవసర నంబరు 112. బార్సిలోనాలో ఇప్పుడు భారత కాన్సులేట్ ఉంది. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. పాస్‌పోర్టుతో పాటే వీసా కూడా పోయినట్టు కాబట్టి పారిస్ ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. అందుకే కొందరు ఊరు చూసే పని ముందు పెట్టుకుని, ఎక్స్‌పో చివర్లో పెట్టుకోవడం మాకు నచ్చదు. పని అయ్యాక పోతే పోయేది సరదా ఒక్కటే.

తీసుకెళ్లేవి, తెచ్చుకునేవి

యూరప్‌లోకి మాంసం, పాల ఉత్పత్తులు సామానులో తీసుకెళ్లడం నిషేధం. ఆవకాయ సంగతి వేరు. చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయండి. కొనుగోలుదారుకు ఇద్దామని ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్తే, నెయ్యి ఉంటుంది కాబట్టి కస్టమ్స్ అధికారి మాటే చివరి మాట.

తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది కడియం వాళ్లు. ఎస్సెన్‌లో ప్రదర్శన చూసుకుని, పక్కనే ఉన్న నెదర్లాండ్స్ వెళ్లి పూల మార్కెట్లో తులిప్ దుంపలో, కొత్త రకం విత్తనాలో కొనాలనిపిస్తుంది. అక్కడ టూరిస్టులకు అందమైన ప్యాకెట్లలో అమ్ముతారు. మన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వులు 2003 ప్రకారం నాటడానికి పనికొచ్చే విత్తనం, దుంప, అంటు ఏదైనా దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. సూట్‌కేసులో దొరికితే శంషాబాద్‌లోనే తీసేసుకుంటారు. ఒక దుంపతో వచ్చే తెగులు వందల ఎకరాల నర్సరీలకు పాకగలదు. అందుకే ఆ నియమం. నిజంగా కావాల్సిన రకమైతే అమ్మకందారు పేరు, రకం పేరు రాసుకుని వచ్చి, ఇక్కడి నుంచి అనుమతి తీసుకుని తెప్పించుకోవచ్చు.

మిగిలిన విదేశీ నోట్లు 2 వేల డాలర్ల విలువ దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించితే తిరిగి వచ్చిన 180 రోజుల్లోగా బ్యాంకుకు అప్పగించాలి.